రెండు వైపులా ఖంజర్

"మళ్లీ చెప్పు పోచన్నా. దుకాణంల కాలు పెట్టినప్పుడు టైమెంత?"

"పన్నెండు యాభై అయిదు సారూ. టాక్సీ దిగంగ ఫోన్‌ల చూసిన."

ఆ రెండు ముక్కలు చెప్పడానికే పోచన్న ఆయాసపడ్డాడు. పై పెదవి నిలువునా చీలి మూడు కుట్లు పడ్డాయి. ముందు పళ్లు రెండు లేవు. ఎడమ కన్ను పూర్తిగా మూసుకుపోయింది. నిన్న మధ్యాహ్నం అల్ ఖౌద్‌లో జావెద్ దుకాణం ముందు పదిమంది కలిసి కొట్టిన దెబ్బలవి. పోలీసులు వచ్చి విడిపించకపోతే ఈపాటికి మార్చురీలో ఉండేవాడు.

ఎదురుగా కూర్చున్న నర్సింగ్ నిజామాబాద్‌లో పదహారేళ్లు ఎస్సైగా చేశాడు. దొంగనోట్లు, దొంగ నాణేల కేసులంటే అప్పట్లో అతని పేరే చెప్పేవారు. ఇప్పుడు మస్కట్‌లో, పోచన్న పనిచేసే కన్‌స్ట్రక్షన్ కంపెనీకే సెక్యూరిటీ ఆఫీసర్. ఇంగ్లీషు, అరబ్బీ రాని తెలుగు కూలీ ఎవరైనా కేసులో ఇరుక్కుంటే పోలీసులు దుబాసీగా అతన్నే పిలుస్తారు. ఇవాళ పిలిచింది ఆఫీసర్ అజీజా. ఆమె పక్కనే కూర్చుని, అతను ఇంగ్లీషులో చెప్పిన ప్రతి మాటా రాసుకుంటోంది.

"లోపలికి పోయినంక ఏం జరిగింది?"

"షట్టర్ సగం దించి ఉండె. వంగి పోయిన. 'జావెద్ భాయ్' అని పిలిచిన. అంతే, ఎనుక నుంచి తలకాయ మీద పడ్డది దెబ్బ. లేచి చూసేసరికి జావెద్ భాయ్ నెత్తురుల పడి ఉన్నడు. ఎడమ చెయ్యి సారూ... చెయ్యి లెక్క లేదది. మూడు వేళ్లు పిప్పి పిప్పి అయినయ్. పక్కన నా కాయిన్ పడి ఉన్నది. నాదే అని తీసుకున్న. ఆయన్ని లేపుదామని ఎత్తుకున్న. అప్పుడే బయటోళ్లు వచ్చిన్రు. నా అంగీ నిండ నెత్తురే గదా, ఇంకేం అడుగుతరు?"

"ఆ కాయిన్ నీకెట్ల దొరికింది?"

పోచన్న ఒంటి కన్నులో కొంచెం వెలుగు కనిపించింది. "అల్ మవాలేల బక్కాలా దుకాణంల సబ్బు కొంటె చిల్లర ఇచ్చిన్రు. యాభై బైసాల బిళ్ల. ఒక దిక్కు మామూలే, రెండు కత్తులు, నడుమ ఖంజర్ బాకు. తిప్పి చూస్తె అటు దిక్కు గూడ అదే ఖంజర్. కాకపోతే లోపలికి గుంటపడి ఉన్నది, అద్దంల బొమ్మ లెక్క ఉల్టా. రూమోళ్లందరు నవ్విన్రు, ఎవడో సుత్తెతో కొట్టిండు పో అన్నరు. నేను ఒప్పుకోలే. టంకశాలల్నే తప్పు పడ్డదేమో తెలుసుకుందామని జావెద్ భాయ్‌కి ఇచ్చిన. ఆయన పాత నాణేలు చూస్తడు, గడియారాలు బాగు చేస్తడు. బుధవారం రా, చెప్త అన్నడు. నిన్న సైట్ల పన్నెండున్నరకు ఎండ బ్రేక్ ఇయ్యంగనే పోయిన."

అజీజా పెన్ను పక్కన పెట్టింది. "అతని కథ బాగుంది. కానీ జావెద్ తల పగిలింది, ఇంకా స్పృహ రాలేదు. అతని రక్తం ఇతని చొక్కా మీద ఉంది. నాణెం ఇతని గుప్పిట్లో ఉంది. ఆ నాణెం సంగతి తేలితే కేసు తేలుతుంది. మీరు ఒకసారి చూస్తారా?"

సీలు వేసిన చిన్న కవరు విప్పి, నాణేన్ని తెల్ల కాగితం మీద పెట్టింది. నర్సింగ్ జేబులోంచి భూతద్దం తీసి చాలాసేపు చూశాడు. బొమ్మ పైకి ఉన్న వైపు ముందు చూశాడు. తిప్పాడు. మళ్లీ తిప్పాడు. పోచన్న అతని ముఖమే చూస్తున్నాడు.

"ఇది నకిలీ," అన్నాడు నర్సింగ్, రెండు భాషల్లోనూ.

"లేదు సారూ!" పోచన్న కుర్చీలోంచి లేచాడు. కానిస్టేబుల్ భుజం నొక్కి కూర్చోబెట్టాడు.

నర్సింగ్ అజీజాకు భూతద్దం అందించాడు. "టంకశాలలో ఇలాంటి తప్పు పడే దారి ఒకటుంది మేడమ్. ముద్ర పడిన నాణెం అచ్చుకు అతుక్కుపోయి రాకుండా ఉండిపోతుంది. దాని కిందికి కొత్త బిళ్ల వస్తుంది. అప్పుడు అచ్చు బదులు ఆ అతుక్కున్న నాణెమే కొత్త బిళ్ల మీద దిగి, బొమ్మ అద్దంలోలా తిరగబడి, గుంటగా పడుతుంది. కానీ ఆ బిళ్ల అప్పటిదాకా ఖాళీగా ఉంటుంది. దాని మీద వేరే ముద్రేదీ ఉండదు. ఇక్కడ చూడండి, గుంటలో, ఖంజర్ పిడి పక్కన."

అజీజా వంగి చూసింది. "సన్నటి గీత... గుండ్రంగా ఉంది."

"అరబ్బీ అయిదు అంకె, సున్నాలా ఉంటుంది. మామూలు యాభై బైసాల నాణెం వెనక వైపును ఆకురాయితో గీరేసి, దాని మీద ఇంకో నాణేన్ని పెట్టి ఇనుప దవడల వైస్‌లో బిగించారు. గీరినా ఆ అంకె పూర్తిగా పోలేదు. రెండో వైపు చూడండి, కత్తుల పిడులు చదునై మెరుస్తున్నాయి. ఇనుప దవడ నొక్కిన గుర్తు అది."

"అంటే జావెద్ ఇతని అసలు నాణెం కాజేసి, నకిలీది చేతిలో పెట్టాడు. ఇతను కోపంతో కొట్టాడు." అజీజా గొంతు మారలేదు. "మీరిప్పుడు ఇతనికి సాయం చెయ్యలేదు నర్సింగ్. కొట్టడానికి కారణం చూపించారు."

నర్సింగ్ ఆ మాట పోచన్నకు తెలుగులో చెప్పలేదు. "దుకాణం చూడనివ్వండి," అన్నాడు.

*

జావెద్ దుకాణం వెడల్పు ఎనిమిది అడుగులు. ముందు గాజు బల్ల, వెనక పని బెంచి, ఆ వెనక సందులోకి ఓ తలుపు. బెంచికి బిగించిన వైస్ దవడలు నల్లగా ఎండిన రక్తంతో అతుక్కుపోయి ఉన్నాయి. నేల మీద రక్తం రెండు చోట్ల ఉంది. వైస్ కింద చుక్కలు చుక్కలుగా, గాజు బల్ల దగ్గర మడుగుగా.

టైము ఉదయం పదకొండు. అజీజా గుమ్మంలో నిలబడి ఫోన్లో మాట్లాడుతోంది. నర్సింగ్ మోకాళ్ల మీద కూర్చుని చుక్కలు చూశాడు. అవి వరసగా పడ్డాయి, ఒకదాని మీద ఒకటి. జావెద్‌ని అక్కడే, కదలనివ్వకుండా, చాలాసేపు పట్టుకున్నారు. ఒకడు పట్టుకోవాలి, ఒకడు పిడి తిప్పాలి.

అతను ఆసుపత్రికి ఫోన్ చేశాడు. నిన్న క్యాజువాలిటీలో జావెద్‌ని చూసుకున్న నర్సు సూసన్‌ది కాకినాడ.

"సూసన్ గారూ, జావెద్ చెయ్యి మీరు చూసినప్పుడు ఎలా ఉందో గుర్తుందా?"

"ఎలా మర్చిపోతానండీ? ఒంటిగంటా నలభైకి తెచ్చారు. తల గాయం పచ్చిగా కారుతూనే ఉంది. వేళ్లు మాత్రం అప్పటికే బాగా వాచిపోయి, రక్తం గడ్డకట్టి నల్లబడిపోయిందండి. గంట పైనే అయ్యుంటుందని డాక్టరు గారు కేస్ షీటులో రాశారు."

"గంట అంటే పన్నెండూ నలభై లోపే."

"అంతకంటే ముందే అయ్యుంటుందండి."

నర్సింగ్ అజీజా వైపు తిరిగాడు. "మేడమ్, మా సైట్‌లో హాజరు వేలిముద్ర యంత్రం మీద. నిన్న పోచన్న వేలు పన్నెండూ ముప్పై ఒకటికి పడింది, అల్ మవాలేలో. పన్నెండూ నలభైకి అతను టాక్సీలో ఉన్నాడు. ఈ వైస్ దగ్గర లేడు."

అజీజా ఫోన్ దించింది. మొదటిసారి ఆమె ముఖంలో అనుమానం కదిలింది.

బెంచి సొరుగులో మిగతాది దొరికింది. సన్నటి ఆకురాయి, దాని పళ్లలో వెండి రంగు పొడి. ఖంజర్ బొమ్మ అణిగిపోయిన మరో యాభై బైసాల నాణెం. నకిలీ తయారైంది ఇక్కడే. చేసింది జావెదే. బెంచి కింద, గోడకూ కాలికీ మధ్య, చింపి పారేసిన కాగితం కవరు ఒకటి ఇరుక్కుని ఉంది. లోపల ఏమీ లేదు. మీద ఉర్దూలో రాసి ఉంది. నర్సింగ్ చిన్నప్పుడు బోధన్‌లో ఉర్దూ బడి పక్కన పెరిగినవాడు. మెల్లగా కూడబలుక్కుని చదివాడు.

"పోచన్న అమానత్, నమ్మి అప్పగించింది. బరువు సరిగ్గా ఉంది. అంచు చెడలేదు. గుంటలో అంకె జాడ లేదు. గుంట బొమ్మ అసలు బొమ్మ కంటే వెంట్రుకంత వెడల్పు. అస్లీ. టంకశాల తప్పే. ఎవరు అడిగినా నకల్ చూపించాలి."

అతను కవరు అజీజాకు అందించాడు. "కాజెయ్యలేదు మేడమ్. దాచాడు. పోచన్న వస్తువు పోచన్నకే ఇవ్వాలని, అడిగినవాళ్లకు చూపించడానికి ఓ నకలు చేసి పెట్టుకున్నాడు. వచ్చినవాళ్లు నకలు చూసి మోసపోలేదు. అసలుది ఎక్కడని వేళ్లు ఒక్కొక్కటే నలిపారు."

"బాగా చదివావు నర్సింగ్. ఎస్సై ఉద్యోగం పోయినా ఉర్దూ పోలేదన్నమాట."

గుమ్మంలో తెల్ల చొక్కా, నల్ల బ్యాగు. ఓంకార్. హైదరాబాద్‌లో ప్రైవేటు డిటెక్టివ్ ఏజెన్సీ నడుపుతాడు. టంకశాల తప్పు పడిన నాణేలకు లక్షలిచ్చే సేకర్తల తరఫున దేశాలు తిరుగుతాడు. నిజామాబాద్‌లో ఓ దొంగ నాణేల కేసులో అతను సాక్షిని కొనేస్తే, నర్సింగ్ కోర్టులోనే ఆ సంగతి బయటపెట్టాడు. పన్నెండేళ్లుగా ఇద్దరికీ పడదు.

"ఈయన్ని నేనే పిలిచాను," అంది అజీజా. "నాణేల నిపుణుడిగా పొద్దున స్టేషన్‌కు ఫోన్ చేశారు. రెండు వైపులా ఒకే ముద్ర ఉన్న నాణెం దొరికిందని చెప్పాను. అభిప్రాయం ఇస్తామన్నారు." ఆమె ఫోన్ మళ్లీ మోగింది. మాట్లాడుతూ బయటికి నడిచింది.

ఓంకార్ రక్తం తొక్కకుండా లోపలికి వచ్చాడు. "ఎందుకింత కష్టం? కూలీవాడు కొట్టాడు, జావెద్ పడ్డాడు. దుబాసీ పని దుబాసీ చేసుకోవాలి. ఈ దుకాణం నాకో గంట వదిలెయ్. జావెద్ దగ్గర ఇంకెన్ని నకిలీలున్నాయో లెక్క తీస్తాను."

"ఇంకెన్ని అంటే, దొరికింది నకిలీయే అంటావా?"

"చిన్నపిల్లాడు కూడా చెప్తాడు. వెనక అయిదు అంకె ఇంకా కనిపిస్తుంటే టంకశాల తప్పు అని ఎవడంటాడు?"

నర్సింగ్ నిదానంగా లేచి నిలబడ్డాడు. "నిన్న పోచన్న గుప్పిట్లోంచి తీసినప్పటి నుంచి ఆ నాణెం సీలులో ఉంది ఓంకార్. ఇవాళ పొద్దున మేడమ్ ముందు మొదటిసారి విప్పాం. ఆ అంకె సంగతి అప్పుడు ఆ గదిలో ఉన్నవాళ్లకు తప్ప ఎవరికీ తెలీదు. నువ్వెప్పుడు చూశావు?"

ఓంకార్ నవ్వు ముఖం మీదే ఆగిపోయింది. ఒక్క క్షణం. తర్వాత అతని కాలు పక్కనున్న ఇనప స్టూలును లేపింది, చెయ్యి దాన్ని అందుకుంది.

మొదటి దెబ్బకు నర్సింగ్ ఎడమ చెయ్యి అడ్డం పెట్టాడు. ముంజేయి ఎముక విరిగిన చప్పుడు అతనికే వినిపించింది. రెండో దెబ్బ గాజు బల్ల మీద పడి బల్ల పేలిపోయింది. మూడోది తల మీదికి వస్తుంటే నర్సింగ్ వెనక్కి తగ్గలేదు, ముందుకు దూకాడు. నుదుటితో ఓంకార్ ముక్కు మీద కొట్టాడు. ఇద్దరూ గాజు పెంకుల మీద పడ్డారు. ఓంకార్ చేతికి ఓ పెంకు దొరికింది. అది నర్సింగ్ చెవి కింది నుంచి దవడ దాకా గీసుకుంటూ పోయింది. నర్సింగ్ బాగున్న చేత్తో అతని జుట్టు పట్టుకుని, మోకాలు వీపు మీద వేసి, ముఖాన్ని బెంచి ఇనప కాలికేసి కొట్టాడు. ఒకసారి. రెండోసారి. మూడోసారికి అజీజా, కానిస్టేబుల్ వచ్చి లాగారు.

"వేళ్లు నలిపేటప్పుడు జావెద్ ఏమన్నాడు?" నర్సింగ్ రొప్పుతూ అడిగాడు. "ఏమన్నాడ్రా?"

ఓంకార్ నోట్లోంచి రక్తం ఉమ్మాడు. "ఏమీ అనలేదు. అదే కదా బాధ. కవరు ఖాళీ. దుకాణమంతా వెతికాం. లేదు."

బేడీలు పడ్డాయి.

*

మధ్యాహ్నం రెండున్నరకు ఆసుపత్రిలో నర్సింగ్ చేతికి కట్టు, దవడకు కుట్లు పడుతుండగా సూసన్ పరిగెత్తుకుంటూ వచ్చింది. చేతిలో ఎక్స్‌రే ఉంది.

"ఇది చూడండి సార్. పక్కటెముకలు విరిగాయేమోనని జావెద్ గారికి మళ్లీ ఫిల్మ్ తీశారు. కడుపులో చూడండి!"

నల్లటి ఫిల్మ్ మీద తెల్లగా, గుండ్రంగా, చంద్రబింబంలా ఓ బిళ్ల.

నర్సింగ్ ఫిల్మ్ మీద ఆ బిళ్ల దగ్గర వేలు పెట్టాడు. వాళ్లు లోపలికి రాగానే జావెద్ దాన్ని మింగేశాడు. వేళ్లు ఒక్కొక్కటే నలుగుతుంటే, అది తన కడుపులోనే ఉందని చెప్పకుండా అరిచాడు. ముక్కూ ముఖం సరిగ్గా తెలియని ఓ తెలంగాణ కూలీవాడి యాభై బైసాల కోసం.

మూడు గంటలకు బంధువు సంతకం తీసుకున్నారు. నాలుగింటికి గొంతులోంచి గొట్టం దించి బిళ్ల బయటికి తీశారు. అప్పటికే హాజరు వేలిముద్రల లెక్క, కేస్ షీటు చూసి ప్రాసిక్యూషన్ వాళ్లు పోచన్నను వదిలెయ్యమన్నారు. అజీజా ఆ కబురు చెబుతూ స్టీలు గిన్నెలో కడిగిన నాణేన్ని నర్సింగ్ ముందు పెట్టింది.

అతను ఒంటి చేత్తో భూతద్దం పట్టుకున్నాడు. పైకున్న ఖంజర్ పిడి మీద గీతలు కూడా చెడలేదు. తిప్పాడు. గుంటపడిన ఖంజర్, అంచు నుంచి అంచు దాకా ఒకే లోతు, ఎక్కడా గీకుడు లేదు. అంకె జాడ లేదు. గుంట బొమ్మ పై బొమ్మ కంటే వెంట్రుకంత వెడల్పు. వైస్ దవడ తాకిన గుర్తు వెతికాడు. దొరకలేదు. సూసన్ మందులు తూచే చిన్న కాటా తెచ్చింది. ఓ పక్క ఈ నాణేన్ని, మరో పక్క తన పర్సులోని కొత్త యాభై బైసాలను పెట్టాడు. ముల్లు మధ్యలో నిలిచింది.

"అసలుదే మేడమ్," అన్నాడు. "పోచన్న చెప్పింది నిజం. టంకశాలలో పడిన తప్పే."

మంచం మీద జావెద్ కళ్లు తెరిచాడు. కట్టుకట్టిన తల కదపలేక కనుగుడ్లు మాత్రం తిప్పాడు. అజీజా వంగి, "ఓంకార్ దొరికాడు. మీ చెయ్యి నలిపింది అతనే కదా?" అని అడిగింది.

జావెద్ పెదవులు కదిలాయి. నర్సింగ్ చెవి దగ్గర పెట్టి, విన్నది విన్నట్టు పైకి చెప్పాడు.

"వాడు... నన్ను పట్టుకుని అడిగాడంతే. వైస్ పిడి తిప్పింది షంషాద్. నా తమ్ముడు."

సూసన్ ఉలిక్కిపడింది. "షంషాదా? బురైమి నుంచి వచ్చిన ఆయనా? అయ్యో, ఆయనే కదండీ సంతకం పెట్టింది! పొద్దున అన్నకని ఓ బాటిల్ రక్తం కూడా ఇచ్చాడు. ఏడుస్తూ అక్కడే కూర్చున్నాడు!"

"ఇప్పుడెక్కడున్నాడు?"

"బిళ్ల బయటికి వచ్చిందని చెప్పగానే దేవుడికి దండం పెట్టుకున్నాడండి. మా అన్న కోసం ఎవరో అన్యాయంగా దెబ్బలు తిన్నాడట కదా, వదిలేస్తే స్టేషన్ నుంచి నేనే కారులో రూమ్‌కి దింపుతాను, క్షమించమని అడుగుతాను అన్నాడు. వెళ్లి అరగంటయింది."

అజీజా అప్పటికే స్టేషన్‌కు ఫోన్ కలుపుతోంది. రెండు మాటలు విని నర్సింగ్ వైపు చూసింది. పోచన్న అప్పటికే ఆ కారెక్కేశాడని ఆ చూపే చెప్పింది.

నర్సింగ్ జేబులో ఫోన్ మోగింది. పోచన్న నంబరు.

"ఒక్క మాట అడుగుతాను, ఒక్క మాటే చెప్పు." ఉర్దూ. తొందర లేని గొంతు. వెనక కారు రోడ్డు మీద పోతున్న హోరు. "మా అన్న తెలివైనవాడు. ఒక నకలు చేసినవాడు రెండు చెయ్యగలడు. కడుపులోంచి తీసింది అస్లీయా, నక్లీయా?"

నకిలీ అంటే పోచన్న వాడికి పనికిరాడు. పనికిరాని మనిషిని కారులో ఎందుకు ఉంచుకుంటాడు?

"సారూ!" వెనక నుంచి చీలిన పెదవితో పోచన్న అరుపు. "ఇయ్యకు సారూ! అది నాది! నక్లీ అని చెప్పు, వీనికి..."

ఎండుకొమ్మ విరిచినట్టు ఓ చప్పుడు. ఆ తర్వాత వచ్చిన కేకకు సూసన్ రెండు చేతులతో చెవులు మూసుకుంది.

"అసలుదే," అన్నాడు నర్సింగ్. "నేనే చూశాను. నేనే తెస్తాను. అతన్ని ముట్టుకోకు."

"బురైమి రోడ్డు ఎక్కు. ఎక్కడ ఆగాలో చెప్తాను. ఆ పోలీసు మేడమ్ నీ వెనక రాకూడదు." షంషాద్ కొంచెం ఆగాడు. "తొందరగా రా. ఇప్పటికి ఒక వేలే. వీడికింకా తొమ్మిది ఉన్నాయి."